ఆట రాసినవాడే ఆటకు బయటివాడైన కథ

‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒకరు కథ నడిపిస్తారు, ఆయన్ని డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్లు యోధుడిగానో మాంత్రికుడిగానో పాత్ర ఎంచుకుని, ఏం చేస్తామో నోటితో చెబుతారు. అది నెరవేరిందో లేదో పాచికలు తేలుస్తాయి. మరి కంపెనీ అచ్చువేసిన పుస్తకంలో లేని రాక్షసుణ్ణో మంత్రాన్నో ఆడేవాళ్లే కల్పించుకుని తెస్తే ఒప్పుకోవాలా, వద్దా? యాభై ఏళ్లుగా నలుగుతున్న ఈ ప్రశ్నకు ఒకే మనిషి రెండు జవాబులు చెప్పారు. ఆయనే ఆ ఆటను రూపొందించిన ఇద్దరిలో ఒకరైన గ్యారీ గైగాక్స్.

గైగాక్స్ 1938 జులై 27న షికాగోలో పుట్టారు. తండ్రి స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చిన వయొలిన్ విద్వాంసుడు. గైగాక్స్ చిన్నతనంలోనే కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న పట్టణానికి మారింది. హైస్కూలు చదువు మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత ఒక బీమా కంపెనీలో అండర్‌రైటర్‌గా చేరారు. తీరిక దొరికితే యుద్ధక్రీడలే లోకం. 1968లో ఊళ్లోని హార్టికల్చరల్ హాలును అద్దెకు తీసుకుని, తనలాంటివాళ్లను పిలిచి ‘జెన్ కాన్’ సమావేశం పెట్టారు. రెండేళ్లకు ఉద్యోగం పోయింది. ఇల్లు గడవడానికి బూట్లు బాగుచేసే పని పట్టారు.

1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి ‘చైన్‌మెయిల్’ అనే మధ్యయుగ యుద్ధక్రీడ నియమాలు వెలువరించారు. చివర్లో డ్రాగన్లకూ మాంత్రికులకూ కొన్ని పేజీలు కేటాయించారు. మినియాపొలిస్ ప్రాంతానికి చెందిన డేవ్ ఆర్నెసన్ వాటిలోంచి కావలసినవి తీసుకుని, సరిపడనివి వదిలేసి, సొంత నియమాలు చేర్చి ‘బ్లాక్‌మూర్’ అనే ఆట నడిపించారు. సైన్యాల బదులు ఒక్కొక్కరికీ ఒక్కో పాత్ర. 1972 చివర్లో ఆయన లేక్ జెనీవాకు వచ్చి దాన్ని ఆడి చూపించారు. గైగాక్స్ ఆ ఊహకు పుస్తక రూపం ఇచ్చారు. ఇతర ప్రచురణకర్తలు ముందుకు రాకపోవడంతో 1973లో మిత్రుడు డాన్ కేతో కలిసి టీఎస్‌ఆర్ సంస్థ పెట్టారు. 1974 జనవరిలో మూడు చిన్న పుస్తకాల పెట్టె, పది డాలర్ల ధరకు, వెయ్యి ప్రతులు బయటికొచ్చాయి. అంటే ఈ ఆట పుట్టుకే ఒకరి నియమాలను మరొకరు ఇంట్లో మార్చుకోవడంతో జరిగింది.

మొదట్లో గైగాక్స్ ధోరణి కూడా అదే. ఆ పుస్తకాల చివర, మిగతాది మీరే ఊహించుకోండని ఆటగాళ్లను ప్రోత్సహించారు. 1975లో లీ గోల్డ్ నడిపే అభిమానుల పత్రికకు రాస్తూ, అందరూ ఒకేలా ఆడాలన్న కోరిక తనకు లేదని తేల్చేశారు. ఆ ఏడాదే వచ్చిన ‘గ్రేహాక్’ అనుబంధంలోని దొంగ పాత్రకు మూలం కాలిఫోర్నియా ఆటగాళ్ల కల్పనే. ఇవాళ అది లేని ఆటను ఊహించలేం.

తర్వాత గాలి మారింది. 1977 నుంచి 1979 మధ్య మూడు భారీ సంపుటాలుగా ‘అడ్వాన్స్‌డ్’ నియమాలు వచ్చాయి. బయటి సరుకు కలిపి ఆడేవారు ఈ ఆట ఆడుతున్నట్టే కాదని గైగాక్స్ కంపెనీ పత్రిక ‘డ్రాగన్’లో కటువుగా రాశారు. ఇందులో కొంత న్యాయం ఉంది. జెన్ కాన్ పోటీల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఇంటికో నియమమైతే పోటీ సాగదు. కొంత వ్యాపారమూ ఉంది. వేరేవాళ్లు అనుబంధాలు అచ్చువేసి అమ్ముకోవడం మొదలైంది. ‘అడ్వాన్స్‌డ్’ వేరే ఆటేనని కంపెనీ వాదించగా, రాయల్టీ కోసం ఆర్నెసన్ 1979లో దావా వేశారు. 1981లో రాజీ కుదిరింది. విచిత్రమేమిటంటే, అదే 1979 సంపుటిలో బల్ల దగ్గర తుది మాట డంజన్ మాస్టర్‌దేనని రాసింది కూడా గైగాక్సే.

1985 అక్టోబరులో సంస్థపై పట్టు ఆయన చేజారింది. మరుసటి ఏడాదితో బంధం పూర్తిగా తెగింది. 1989లో ఆటకు రెండో కూర్పు ఆయన ప్రమేయం లేకుండానే వచ్చింది. 1992లో ‘డేంజరస్ జర్నీస్’ అనే కొత్త ఆట తెస్తే, తాను పెట్టిన కంపెనీయే తనపై కోర్టుకెళ్లింది. 1994 రాజీతో దాని హక్కులు టీఎస్‌ఆర్‌కు పోయాయి, ఆట ఆగిపోయింది. అధికారికం, అనధికారికం అని గీత గీసిన మనిషి ఇప్పుడు ఆ గీతకు అవతల మిగిలారు.

1997లో టీఎస్‌ఆర్‌ను కొన్న విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్, 2000లో ఓపెన్ గేమ్ లైసెన్స్ ఇచ్చింది. ఎవరైనా ఈ నియమాలపై సొంత రచనలు చేసి అమ్ముకోవచ్చు. 2005లో గైగాక్స్ తన పాత గ్రేహాక్ కోటను ఒక చిన్న ప్రచురణ సంస్థ ద్వారా తేవడం మొదలుపెట్టారు. గ్రేహాక్ పేరు వాడే హక్కు లేదు. అందుకే తన ఇంటిపేరునే తిరగేసినట్టుండే జాగిగ్ అన్న పేరు పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాది అభిమానులు ఆయన ‘అడ్వాన్స్‌డ్’ నియమాలను అదే లైసెన్స్ కింద తిరగరాసి ఉచితంగా పంచారు. 2008 మార్చి 4న, 69 ఏళ్ల వయసులో, లేక్ జెనీవాలోనే ఆయన కన్నుమూశారు.

2023 జనవరిలో విజర్డ్స్ ఆ లైసెన్స్‌ను బిగించబోతోందని తెలియగానే ఆటగాళ్లు తిరగబడ్డారు. సంస్థ వెనక్కి తగ్గి, మౌలిక నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది.

గైగాక్స్ చెప్పిన రెండు జవాబులకూ చోటుంది. అపరిచితులు కలిసి ఆడే పోటీలో అందరికీ ఒకే పుస్తకం ఉండాల్సిందే. స్నేహితుల బల్ల దగ్గర మాత్రం కొత్త మంత్రం తెచ్చిన ఆటగాడికి జవాబు చెప్పాల్సింది కంపెనీ కాదు, డంజన్ మాస్టర్. అది మిగతావారి ఆటను మింగేస్తుందా లేదా అన్నదొక్కటే ఆయన చూసుకోవాలి. పోటీకి పనికొచ్చే కట్టుబాటును ప్రతి ఇంటి మీదా రుద్దబోవడమే గైగాక్స్ చేసిన పొరపాటు. దాని బరువు చివరికి ఆయన మీదే పడింది.