ఉరితాడుకు అడ్డం నిలబడిన వకీలు డానియల్ లతీఫీ

షాబానో కేసు గురించి రేణిగుంట నుంచి హైదరాబాద్ దాకా ముస్లిం ఇళ్లలో పెద్దలకు తెలుసు. ఆమె తరఫున సుప్రీంకోర్టులో వాదించిన వకీలు డానియల్ లతీఫీ. అంతకు ముప్పై ఏళ్లకు పైగా ముందే, తెలంగాణలో ఉరిశిక్ష పడిన బీద రైతుల కోసం ఆయన కోర్టుల చుట్టూ తిరిగారన్నది మాత్రం కొద్దిమందికే గుర్తు.

లతీఫీ 1917లో పుట్టారు. బద్రుద్దీన్ త్యాబ్జీ మనవడు. తండ్రి సర్ అల్మా లతీఫీ ఐసీఎస్ అధికారి. ఇంగ్లండులో చదివొచ్చిన ఆయన కావాలనుకుంటే దర్జాగా బతకొచ్చు. కానీ కమ్యూనిస్టుల బాట పట్టారు. 1944లో పంజాబ్ ముస్లిం లీగ్ ప్రణాళిక రాసింది ఆయనే.

1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాద్‌లో సైనిక పాలన వచ్చింది. తెలంగాణ రైతు పోరాటంలో పట్టుబడిన వాళ్లను ప్రత్యేక ట్రిబ్యునళ్లు విచారించాయి. 12 మందికి ఉరి పడింది. వకీలును పెట్టుకునే అవకాశం సరిగా ఇవ్వలేదని ఖైదీల మొర. 1949 డిసెంబరులో హైకోర్టు ఆ శిక్షలను ఖాయం చేసింది. ఆరు వారాలకే, 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది.

ఆ రాజ్యాంగాన్నే పట్టుకుని సుప్రీంకోర్టుకు వెళ్లారు. రాజ్యాంగానికి ముందే ముగిసిన తీర్పుల మీద అప్పీలు వినలేమని 1950 డిసెంబరులో కోర్టు చెప్పింది. ఒక తలుపు మూసుకుంది. అప్పుడు 32వ అధికరణం కింద ఇంకో తలుపు తట్టారు. ఆ విచారణే చెల్లదు, ఖైదీలను వదిలేయాలన్నది వాదన. లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించారు, లతీఫీ ఆయన పక్కన నిలిచారు. 1951 మార్చిలో అదీ కొట్టేశారు.

కోర్టులో ఓడిపోయినా ప్రాణాలు మాత్రం దక్కాయి. కేసు నడిచినన్నాళ్లూ ఉరి ఆగింది. ఈలోగా దేశంలోనూ విదేశాల్లోనూ గొంతులు లేచాయి. చివరికి ఉరి యావజ్జీవంగా మారింది.

షాబానో తీర్పు 1985లో వచ్చింది. ఆ విషయంలో సమాజంలో చాలామంది లతీఫీతో ఏకీభవించలేదు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. 1986 చట్టాన్ని తన పేరుతోనే సవాలు చేశారు. 2000లో కన్నుమూశారు. 2001 సెప్టెంబరు 28న తీర్పు వచ్చింది. చట్టం నిలిచింది, కానీ విడాకులిచ్చిన భర్త ఆమె భవిష్యత్తుకు కూడా సరిపడా ఏర్పాటు ఇద్దత్ లోపలే చేయాలని కోర్టు తేల్చింది. తీర్పు వినడానికి ఆయన లేరు.

శిక్ష పడగానే అంతా అయిపోయిందని కూలబడే ఇళ్లకు లతీఫీ జీవితం ధైర్యం చెబుతుంది. సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే 60 రోజుల్లో, ఉరిశిక్ష అయితే 30 రోజుల్లోనే హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. జైలు నుంచే అర్జీ పంపొచ్చు. డబ్బు లేని ఖైదీకి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఒక తలుపు మూసుకుంటే ఇంకోటి తట్టాలి, గడువు దాటకముందే తట్టాలి.