సూర్యుని చదివిన వైను బప్పు

పట్టపగలు షార్ట్ వేవ్‌లో దూరదేశపు స్టేషను హఠాత్తుగా మూగవోతే మన పెద్దాపురంలో రేడియో సెట్టునే తప్పుపడతాము. దోషం ఒక్కొక్కప్పుడు సూర్యునిది. అక్కడ జ్వాల చెలరేగిన 8 నిమిషాలకు ఎక్స్ కిరణాలు భూమిని చేరి అయనోవరణపు అడుగు పొరను దట్టం చేస్తాయి. రేడియో తరంగాలు అందులో ఇంకిపోతాయి. పిమ్మట ఒకటి రెండు దినాలకు అయస్కాంత తుఫాను రేగితే ప్రసారాలు మరల చెదరుతాయి.

అట్టి సూర్యుని నిత్యం కనిపెట్టే కొడైకెనాల్ వేధశాలకు 1960లో అధిపతి అయిన వైను బప్పును విద్యార్థులకు పరిచయం చేయదలచినాము. ఆయన 1927లో మద్రాసులో జన్మించి, తండ్రి పనిచేసిన హైదరాబాదు నిజామియా వేధశాల నీడలో పెరిగారు. నిజాం కళాశాలలో చదివి, హార్వర్డులో ఉండగా 1949లో తోకచుక్కను కనుగొన్నారు. 1957లో విల్సన్‌తో కలసి, నక్షత్రపు కాల్షియం రేఖ వెడల్పును బట్టి దాని సహజకాంతిని తెలిపే సూత్రాన్ని ప్రకటించారు. అదే కాల్షియం వెలుగులో సూర్యుని చిత్రిస్తే అయస్కాంతబలం హెచ్చుగా గల చోట్లు ప్రకాశిస్తాయి. జ్వాలలు పుట్టేది ఆ చోట్లనే. కొడైకెనాల్‌లో అట్టి చిత్రాలను 20వ శతాబ్దారంభం నుండి భద్రపరచినారు.

పరదేశపు పరికరాలకై చేయి చాపరాదని, కావలూరులో 2.34 మీటర్ల దూరదర్శినిని స్వదేశంలోనే నిర్మింపబూనారు. అది పూర్తికాకమునుపే 1982 ఆగస్టు 19న మ్యూనిచ్‌లో కన్నుమూశారు. ఆయన కన్నులు చూడని ఆ దూరదర్శినికి 1986లో ఆయన పేరే పెట్టారు. ఫలం అందకపోయినా నాటిన చెట్టు నిలిచింది. మేము నేర్వవలసినది ఇదే.