పియానో సృష్టికర్త క్రిస్టోఫోరి

వాద్యాన్ని వాయించిన విద్వాంసుని పేరు లోకానికి తెలుస్తుంది. దానిని మలచిన శిల్పి పేరు తరచుగా మరుగున పడిపోతుంది. నేడు దేశదేశాల్లో మ్రోగుతున్న పియానోను సృష్టించిన బార్తొలొమేయో క్రిస్టోఫోరి అటువంటి శిల్పి.

క్రిస్టోఫోరి 1655 మే 4న ఇటలీలోని పాదువా నగరంలో జన్మించాడు. వాద్య నిర్మాణంలో నిపుణుడయ్యాడు. 1688లో టస్కనీ పాలకుని కుమారుడు, సంగీతప్రియుడు అయిన ఫెర్డినాండో దె మెడిచి ఆయనను ఫ్లోరెన్స్‌లోని తన కొలువుకు రప్పించాడు. కొత్త వాద్యాలను నిర్మించడం, ఉన్నవాటికి శ్రుతి కూర్చడం, మరమ్మతు చేయడం ఆయన విధులు.

ఆనాడు హార్ప్సికార్డ్ అనే వాద్యం ప్రసిద్ధమైనది. దాని మీటను నొక్కితే పక్షి ఈక ముక్క తీగను మీటేది. వేలిని ఎంత బలంగా నొక్కినా నాదం దాదాపు ఒకే స్థాయిలో పలికేది. క్లావికార్డ్ అనే మరో వాద్యం వేలి ఒత్తిడికి స్పందించేది కాని, దాని స్వరం చిన్న గదిని దాటేది కాదు. కళాకారుని మనసులోని భావం వేలి ద్వారా తీగకు చేరే మార్గం కావలసి వచ్చింది.

తీగను మీటడానికి బదులు సుత్తితో కొట్టాలని క్రిస్టోఫోరి నిశ్చయించాడు. అయితే సుత్తి తీగను ఆనుకొని ఉంటే నాదం అణగిపోతుంది. అందుచేత తీగను తాకబోయే ముందే సుత్తి మీట పట్టు నుండి విడివడి, తన వేగంతోనే తీగను కొట్టి, వెంటనే వెనుకకు వచ్చే అమరికను ఆయన రూపొందించాడు. మీటను వదలగానే మరొక చిన్న భాగం తీగపై వాలి నాదాన్ని ఆపుతుంది. ఈ వాద్యంలో వేలు మెల్లగా నొక్కితే మృదునాదం, బలంగా నొక్కితే గంభీరనాదం పలికాయి. ఇటాలియన్ భాషలో 'పియానో' అనగా మృదువుగా, 'ఫోర్తె' అనగా బిగ్గరగా అని అర్థం. వాద్యానికి ఆ పేరే స్థిరపడింది. 1700లో రాసిన మెడిచి వాద్యాల జాబితాలో దీని ప్రస్తావన ఉంది.

1711లో షిపియోనె మఫెయి అనే పండితుడు ఈ వాద్య నిర్మాణాన్ని చిత్రంతో సహా వివరించాడు. ఆ వ్యాసం 1725లో జర్మన్ భాషలోకి వెళ్ళింది. గాట్‌ఫ్రీడ్ సిల్బర్‌మన్ ఆ పద్ధతిలో పియానోలు నిర్మించాడు. 1747లో పోట్స్‌డామ్ రాజభవనంలో బాఖ్ అంతటి మహావిద్వాంసుడు వాటిని వాయించాడు. కీర్తి మాత్రం ఇటలీ శిల్పికి దక్కలేదు. పియానోను జర్మనీ వారే కనిపెట్టారని చాలాకాలం పలువురు భావించారు.

1713లో ఫెర్డినాండో మరణించినా క్రిస్టోఫోరి కొలువును వీడలేదు. 1716లో రాజవాద్యాల సంరక్షకుడిగా నియమితుడై, 1730 దశకం తొలినాళ్ళలో ఫ్లోరెన్స్‌లోనే కన్నుమూశాడు. ఆయన చేసిన పియానోలలో మూడే నేడు మిగిలాయి. 1720 నాటిది న్యూయార్క్‌లో, 1722 నాటిది రోమ్‌లో, 1726 నాటిది లైప్‌జిగ్‌లో ఉన్నాయి.

నేటి పియానోలో సాధారణంగా 88 మీటలు, 200కు పైగా తీగలు ఉంటాయి. అయినా దాని ప్రాణం క్రిస్టోఫోరి కూర్చిన సుత్తిలోనే ఉంది. గాలిలోని తేమకు కొయ్య ఉబ్బుతుంది, పొడిదనానికి కుంచించుకుపోతుంది. అందువల్ల ఇంట్లో పియానో ఉన్నవారు దానిని ఎండకు, చెమ్మగోడకు దూరంగా ఉంచాలి. పొడిగుడ్డతో దుమ్ము తుడవాలి. ఏడాదికి ఒకటి రెండు మార్లు నిపుణునిచేత శ్రుతి చేయించాలి. వాద్యాన్ని సృష్టించడమే కాదు, దానిని కాపాడటం కూడా కళయేనని క్రిస్టోఫోరి జీవితం చాటుతున్నది.