చార్లెస్ బ్లాక్లీ

పూర్వము ఇంగ్లండు దేశమున వేసవి రాగానే కొందఱికి ఒక వింతవ్యాధి కలుగుచుండెను. ఎడతెగని తుమ్ములు, కన్నుల దురద, ఆయాసము వారిని పీడించెడివి. గడ్డి కోసి యెండబెట్టు దినములలో వచ్చుటచే దానికి గడ్డిజ్వరమని పేరు కలిగెను. ఎండవేడిమియే కారణమని కొందఱు, ఎండుగడ్డి వాసనయని కొందఱు తలచిరి. ఈ చిక్కును విప్పిన ధీరుడు చార్లెస్ హారిసన్ బ్లాక్లీ.

అతడు 1820వ సంవత్సరమున బోల్టను పట్టణమున జన్మించెను. చిన్నతనమున ముద్రణాలయమున పని నేర్చెను. అయినను విద్యాసక్తిని విడువక, నడియీడున వైద్యశాస్త్రము నభ్యసించి, 1858లో వైద్యుడై మాంచెస్టరు నగరమున స్థిరపడెను. అతనికిని గడ్డిజ్వరము కలదు.

1859లో ఒకనాడు, తన పిల్లలు పూలపాత్రలో నుంచిన గడ్డిపూలగుత్తిని అతడు కదల్పగా సన్నని పొడి లేచెను. వెంటనే విపరీతమైన తుమ్ములు వచ్చెను. పుప్పొడియే కారణమేమో యని అతనికి తోచెను. కాని తోచినదెల్ల సత్యము కాదుగదా! అతడు వేడిమిని, వెలుతురును, వాసనలను ఒక్కొక్కటిగా తన శరీరముపైననే పరీక్షించెను. వానివలన వ్యాధి రాలేదు. పుప్పొడిని ముక్కున కంటించుకొనగా వచ్చెను. పిదప చర్మమును రెండుచోట్ల గీచి, ఒకచోట మాత్రము పుప్పొడి నుంచెను. అచ్చటనే దురదయు వాపును కలిగెను. ఇన్ని బాధలను అతడు కోరి తెచ్చుకొనెను.

గాలిలో పుప్పొడి యెంత కలదు? దీనిని తెలిసికొనుటకు జిగురు పూసిన గాజుపలకలను ఆరుబయట నుంచి, వానిపై బడిన రేణువులను సూక్ష్మదర్శినితో దినదినము లెక్కించెను. అవి హెచ్చిన దినములలో తన బాధయు హెచ్చెను. గాలిపటములకు పలకలను గట్టి వేయి అడుగులకు పైగా ఎగురవేయగా, అచ్చటను పుప్పొడి చిక్కెను. పొలములకు దూరమైన నగరవాసులును ఏల బాధపడుదురో దీనివలన తేటపడెను.

1873లో అతడు తన పరిశోధనలను గ్రంథరూపమున ప్రకటించెను. 1900వ సంవత్సరమున మరణించెను. 1906లో ఇట్టి వికారములకు అలెర్జీ యను పేరేర్పడెను. హానిలేని రేణువును శరీరము శత్రువని భ్రమించుటయే దీనికి మూలము. 1911లో లండనులో లెనర్డ్ నూన్ అను వైద్యుడు, గడ్డిపుప్పొడి సారమును కొద్దికొద్దిగా సూదిమందుగా నిచ్చు చికిత్సను ప్రకటించెను. నేటికిని వైద్యులు చర్మపరీక్షచే అలెర్జీని గుర్తించుచున్నారు; అనేక నగరములలో గాలిలోని పుప్పొడిని లెక్కించుచున్నారు. తన వ్యాధినే గురువుగా జేసికొని, ఊహను పరీక్షకు లోబఱచిన బ్లాక్లీ ఓరిమి లోకమున కుపకారమయ్యెను.