తంబూరా ఘోడీ నుంచి త్యాగరాజ కృతి దాకా.. ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ జీవితం

మెదక్ లాంటి ఊళ్లో ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కున్న కుర్రాడికి కొన్నేళ్లకు ఓ చిక్కు ఎదురవుతుంది. ట్రెమొలో ఆర్మ్ నొక్కి వదిలితే తీగలు మళ్లీ పాత సుర్‌కు రావు. తీగలు మార్చినా లాభం ఉండదు. చివరికి చూస్తే తీగలు ఆనే బ్రిడ్జి, అది ఊగే అంచు అరిగిపోయి ఉంటాయి. దాన్ని తీసేసి కొత్తది బిగించాల్సిందే.

ఈ బాధ గిటార్‌తో మొదలైంది కాదు. తంబూరా, సితార్ వాయించేవాళ్లకు తరతరాలుగా తెలిసిందే. ఆ అరుగుదలను చెవితో పట్టుకుని, తన చేత్తోనే సరిచేసిన ఓ గొప్ప గాయకుడు ఉన్నారు. ఆయనే కిరానా ఘరానాకు పేరు తెచ్చిన ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్.

సారంగీ ఇంట పుట్టి..

ఖాన్ సాహెబ్ 1872 నవంబర్ 11న ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని కైరానాలో పుట్టారు. తండ్రి కాలే ఖాన్, బాబాయి అబ్దుల్లా ఖాన్ దగ్గర తాలీమ్ తీసుకున్నారు. సారంగీ, వీణ, సితార్, తబలా అన్నీ వాయించేవారు. ఆ రోజుల్లో సారంగీ వాయించేవాళ్లకు మహఫిల్‌లో గాయకుడికున్నంత మర్యాద దొరికేది కాదు. అందుకే ఆయన పాటవైపు మళ్లారని చెబుతారు. అయితే సాజుల మీద ప్రేమ మాత్రం పోలేదు.

తమ్ముడు అబ్దుల్ హక్‌తో కలిసి పాడుతూ బరోడా దర్బారుకు చేరారు. అక్కడ తారాబాయి మానేతో మనసు కలిసింది. ఆమెది రాజకుటుంబంతో సంబంధమున్న ఇల్లు. పెళ్లి మాట రాగానే ఇద్దరూ బరోడా వదిలి రావాల్సి వచ్చింది. బొంబాయి చేరారు. కొలువు పోయింది, గొంతే మిగిలింది.

జవారీ అంటే ఏమిటి?

తంబూరాలో తీగలు ఆనే వెడల్పాటి పలకను ఘోడీ అంటారు. ఎముకతోనో, కొమ్ముతోనో, నల్ల కర్రతోనో చేస్తారు. దాని పైభాగం చదునుగా ఉండదు, కంటికి ఆననంత వంపు ఉంటుంది. తీగ ఆ వంపును తాకీ తాకనట్టు కదిలినప్పుడే జుమ్మని నాదం వస్తుంది. ఆ వంపు తీర్చడమే జవారీ. తీగ కింద పెట్టే చిన్న నూలుపోగును కొంచెం అటూ ఇటూ జరిపితే నాదం ఇంకా తెరుచుకుంటుంది.

వాయించగా వాయించగా తీగ ఘోడీ మీద గాడి కోస్తుంది. నాదం మూగబోతుంది. అప్పుడు సన్నని ఆకురాయితో పైభాగం మళ్లీ తీర్చాలి. ఓ వెంట్రుకవాసి ఎక్కువ పోయినా పని చెడుతుంది. ఇలా చాలాసార్లు అరగదీశాక ఘోడీయే పలచబడుతుంది. అప్పుడిక కొత్తది పెట్టక తప్పదు.

ఈ పనిలో ఖాన్ సాహెబ్‌కు మంచి హునర్ ఉండేది. ప్రయాణాల్లో కూడా రిపేరు సామాను ఆయన వెంటే ఉండేదంటారు. ఎందుకంటే ఆయన పాటకు పునాదే సుర్. ఒక్కో స్వరం మీద నిదానంగా నిలబడి, దాన్ని విప్పుతూ పోవడం కిరానా పద్ధతి. వెనక తంబూరా కాస్త తప్పినా ఆ పాట నిలవదు. 1910 ప్రాంతంలో సాంగ్లీకి చెందిన కె.బి. దేవల్ 22 శ్రుతుల లెక్క తేల్చే పనిలో ఉంటే, ఆ స్వరాలు పాడి చూపించింది ఖాన్ సాహెబే.

మిరజ్ నీడలో

1913లో పుణెలో ఆర్య సంగీత విద్యాలయం పెట్టారు. సవాయి గంధర్వ ఆయన శిష్యుడే. తర్వాత మిరజ్‌లో స్థిరపడ్డారు. ఆయనకు అంతకంటే తగిన ఊరు లేదు. కత్తులు సానబట్టే షికల్గార్ కుటుంబాల నుంచి వచ్చిన ఫరీద్ సాహెబ్ లాంటి కారీగర్లు 19వ శతాబ్దంలోనే అక్కడ తంబూరాలు, సితార్ల తయారీ మొదలుపెట్టారు. ఆయుధాలకు గిరాకీ తగ్గాక అవే చేతులు సాజులకు పనికొచ్చాయి. మిరజ్ తంబూరా, సితార్లకు 2024లో జీఐ గుర్తింపు కూడా దక్కింది.

అక్కడి ఖ్వాజా మీరా సాహెబ్ దర్గా అంటే ఖాన్ సాహెబ్‌కు ప్రాణం. ప్లేగు సోకినప్పుడు ఆ దర్గాలో పాడాకే కోలుకున్నారని మిరజ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంట్లో మాత్రం సుర్ నిలవలేదు. 1922లో తారాబాయి పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయారు. పిల్లల పేర్లూ మారాయి. అబ్దుల్ రెహమాన్ సురేశ్‌బాబు మానే అయ్యారు, సకీనా సరస్వతీ రాణే అయ్యారు. హీరాబాయి బరోడేకర్ దేశమంతా పేరు తెచ్చుకున్నారు. తండ్రి ఇంటిపేరు పోయినా పాట మాత్రం పోలేదు. ఆ ఎడబాటు తర్వాత ఖాన్ సాహెబ్ గొంతులో దర్ద్ పెరిగిందని విన్నవాళ్లు అనేవారు.

తెలుగు పాట పాడిన ఉస్తాద్

మైసూరు దర్బారుకు వెళ్లివస్తూ కర్ణాటక విద్వాంసులతో కలిశారు. వాళ్ల సర్గమ్ పద్ధతిని తన పాటలోకి తెచ్చుకున్నారు. అంతటితో ఆగలేదు. తెలుగు తన భాష కాకపోయినా ఖరహరప్రియ రాగంలోని త్యాగరాజ కృతి నేర్చుకుని రికార్డు ఇచ్చారు. కైరానా నుంచి వచ్చిన ఓ ముసల్మాన్ ఉస్తాద్ గొంతులో మన తెలుగు అలా నిలిచిపోయింది.

1937 అక్టోబర్‌లో మద్రాసు వైపు కచేరీలు ముగించుకుని పాండిచ్చేరి రైలెక్కారు. దారిలో గుండె నొప్పి మొదలైంది. చెంగల్పట్టు దగ్గర సింగపెరుమాళ్ కోయిల్ స్టేషన్‌లో దిగారు. ప్లాట్‌ఫాం మీదే పరుపు పరిపించారు. తంబూరా శ్రుతి చేయించుకుని దర్బారీ రాగంలో అల్లాను తలచుకుంటూ పాడారు. అక్టోబర్ 27న అక్కడే కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 64 ఏళ్లు.

జనాజాను మిరజ్‌కు తెచ్చి మీరా సాహెబ్ దర్గా దగ్గరే దఫన్ చేశారు. ఏటా ఉర్స్‌కు అక్కడ ఆయన పేరున పెద్ద పెద్ద గాయకులు వచ్చి పాడతారు. ఊళ్లోని దుకాణాల్లో కారీగర్లు ఇప్పటికీ అరిగిన ఘోడీలకు జవారీ తీరుస్తూనే ఉన్నారు.