ఆంద్రే బాజిన్

ఆంద్రే బాజిన్ (ఏప్రిల్ 18, 1918 - నవంబరు 11, 1958) ప్రముఖ ఫ్రెంచి సినీ విమర్శకుడు, సిద్ధాంతకర్త. కయే దు సినెమా పత్రిక స్థాపకులలో ఒకడు. ఈయన ఒక్క చలనచిత్రానికీ దర్శకత్వం వహించలేదు, విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవినీ పొందలేదు. అయినప్పటికీ సినిమాను సాహిత్యం, చిత్రలేఖనాలతో సమానమైన కళగా పరిగణించి చర్చించే సంప్రదాయం బలపడటానికి ఈయన రచనలు ప్రధాన కారణమయ్యాయి.

బాల్యం, విద్యాభ్యాసం

బాజిన్ ఫ్రాన్సు దేశంలోని ఆంజే పట్టణంలో జన్మించాడు. బాల్యం సముద్రతీర పట్టణమైన లా రొషెల్‌లో గడిచింది. ఉపాధ్యాయుడు కావాలన్న ఆశయంతో సేన్-క్లూ లోని ఉన్నత శిక్షణ కళాశాలలో చదివాడు. అయితే ఈయనకు నత్తి ఉండేది. ఆ కారణంగా 1941లో మౌఖిక పరీక్షలో ఉత్తీర్ణుడు కాలేకపోయాడు. దానితో బోధనావృత్తి ఈయనకు దక్కకుండా పోయింది.

ఫిల్ము క్లబ్బులు

అప్పటికి పారిస్ నగరం జర్మన్ సైన్యాల ఆక్రమణలో ఉంది. బాజిన్ అక్కడి విద్యార్థుల కోసం ఒక ఫిల్ము క్లబ్బును ఏర్పరచి, నిషేధానికి గురైన చిత్రాలను సైతం ప్రదర్శించాడు. యుద్ధం ముగిసిన తరువాత కార్మికులలో సాంస్కృతిక వ్యాప్తికి కృషి చేసే ఒక సంస్థలో చేరి, కర్మాగారాలలోను, క్లబ్బులలోను చిత్రాలు చూపించి, ప్రేక్షకులతో చర్చలు జరిపాడు. తరగతి గదిలో చేయలేకపోయిన బోధనను ఈ విధంగా వెండితెర ముందు కొనసాగించాడు.

పత్రికా రచన

1944 నుండి లె పరిజియెన్ లిబెరె దినపత్రికలో సినీ సమీక్షలు వ్రాశాడు. ఎస్ప్రి వంటి పత్రికలలో దీర్ఘ వ్యాసాలు ప్రచురించాడు. వామపక్ష భావాలు గల మిత్రుల మధ్య పనిచేస్తున్నప్పటికీ, సోవియట్ చిత్రాలలో స్టాలిన్‌ను దైవసమానుడిగా చూపుతున్న తీరును విమర్శిస్తూ 1950లో ఒక వ్యాసం వ్రాశాడు. దీనిపై కమ్యూనిస్టు విమర్శకుల నుండి తీవ్ర వ్యతిరేకత వచ్చింది.

1951 ఏప్రిల్‌లో జాక్ దోనియోల్-వాల్‌క్రోజ్, లో దూకాలతో కలిసి కయే దు సినెమా మాసపత్రికను స్థాపించాడు. పసుపుపచ్చ ముఖచిత్రంతో వెలువడిన ఈ చిన్న పత్రికలో త్రుఫో, గొదార్, రివెట్, రోమెర్, షబ్రోల్ వంటి యువకులు విమర్శకులుగా ఎదిగారు. దర్శకుడే చిత్రానికి అసలు కర్త అని వీరు వాదించారు. ఈ వాదం వ్యక్తిపూజగా మారే ప్రమాదం ఉందని బాజిన్ 1957లో అదే పత్రికలో హెచ్చరించాడు. తనతో విభేదించే రచనలను సైతం తన పత్రికలో రానివ్వటం ఈయన ప్రత్యేకత.

సిద్ధాంతం

చిత్రకారుని చేతి ప్రమేయం లేకుండా, వస్తువుపై పడిన వెలుగు నుండే ఛాయాచిత్రం ఏర్పడుతుంది. కనుక సినిమాకు వాస్తవంతో ఉన్న బంధం మిగిలిన కళలకు లేనిదని బాజిన్ భావించాడు. ఎడిటింగు ద్వారా అర్థాన్ని ప్రేక్షకునిపై రుద్దటం కంటే, సుదీర్ఘమైన షాట్లలో దగ్గరి, దూరపు వస్తువులను సమాన స్పష్టతతో చూపి, ఏది గమనించాలో ప్రేక్షకునికే వదలటం మేలని వాదించాడు. ఆర్సన్ వెల్స్ తీసిన సిటిజన్ కేన్ (1941), ఇటలీ నవ్య వాస్తవికతకు చెందిన డి సికా చిత్రం బైసికిల్ థీవ్స్ (1948) ఈయన చర్చించిన ముఖ్యమైన చిత్రాలు.

త్రుఫోతో అనుబంధం

ఫ్రాన్స్వా త్రుఫో 1948లో పదహారేళ్ళ బాలునిగా బాజిన్‌కు పరిచయమయ్యాడు. సొంత ఫిల్ము క్లబ్బు వల్ల అప్పుల పాలైన త్రుఫోను తండ్రి పోలీసులకు అప్పగించగా, బాజిన్ పూచీపడి విడిపించి, పని కల్పించాడు. తరువాత సైన్యం నుండి పారిపోయి చెరసాల పాలైనప్పుడు కూడా ఆదుకున్నాడు. బాజిన్, ఆయన భార్య జానీన్ త్రుఫోను తమ ఇంట ఉంచుకుని, కుటుంబసభ్యునిగా ఆదరించారు.

మరణం, ప్రభావం

క్షయవ్యాధితో బాధపడిన బాజిన్‌కు తరువాతి కాలంలో ల్యుకేమియా సోకింది. త్రుఫో తన తొలి పూర్తి నిడివి చిత్రం ద ఫోర్ హండ్రెడ్ బ్లోస్ చిత్రీకరణ ప్రారంభించిన మరునాడే, నొజాన్-సుర్-మార్న్‌లో తన నలభయ్యవ యేట బాజిన్ మరణించాడు. 1959లో విడుదలైన ఆ చిత్రం బాజిన్‌కు అంకితమైంది. కయే యువ విమర్శకులు దర్శకులై తెచ్చిన ఫ్రెంచి నవతరంగ ఉద్యమం ఘనవిజయాన్ని ఈయన చూడలేకపోయాడు.

సినిమా అంటే ఏమిటి అన్న పేరుతో ఈయన వ్యాసాలు 1958-1962 మధ్య నాలుగు సంపుటాలుగా వెలువడ్డాయి. అసంపూర్తిగా మిగిలిన జాన్ రెన్వా గ్రంథాన్ని త్రుఫో పరిష్కరించి 1971లో వెలువరించాడు. పత్రికలలో చెదిరి ఉన్న సుమారు 2,600 రచనలు 2018లో, అనగా ఈయన శతజయంతి సంవత్సరంలో, సమగ్ర సంకలనంగా ప్రచురితమయ్యాయి.