చెరసాలలో రూపొందిన తోలుబిళ్ల : కెప్టెన్ మింగో జీవితం

బిలియర్డ్సు, స్నూకర్, పూల్ అనే ఆటలు చూచినవారికి బల్ల మీది ఆకుపచ్చని బట్ట, రంగురంగుల బంతులు, నునుపైన పొడవాటి క్యూ కర్ర కంటికి కనిపిస్తాయి. కర్ర కొనకు అంటించిన చిన్న తోలుబిళ్లను గమనించేవారు అరుదు. దానిని టిప్ అంటారు. పూల్ ఆడే కర్రకు దాని అడ్డుకొలత సుమారు 13 మిల్లీమీటర్లు, స్నూకర్ కర్రకు 9 లేక 10 మిల్లీమీటర్లు. కర్ర ఎంత ఖరీదైనదైనా బంతిని తాకేది ఈ బిళ్ల ఒక్కటే. ఆ తాకిడి కూడా సెకనులో వెయ్యవ వంతు ఒకటి రెండింటికి మించి ఉండదు. ఆటగాని బుద్ధి, కన్ను, చేయి సాధించినదంతా ఆ రెప్పపాటులోనే బంతికి చేరవలసి ఉంటుంది. ఈ బిళ్లను ఆటకు ప్రసాదించిన వ్యక్తిగా చరిత్ర ఒక ఫ్రెంచి సైనికాధికారిని పేర్కొంటున్నది. ఆయన జీవితాన్ని మా విద్యార్థి మిత్రులకు పరిచయం చేయడం ఈ వ్యాసంలో మేము తలపెట్టిన పని.

ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగంలో నీమ్ నగరానికి సమీపాన ల కైలార్ అనే చిన్న గ్రామం ఉన్నది. రోన్ నది సముద్రంలో కలిసే చిత్తడి నేలలకు అంచున ఉన్న ఆ ప్రాంతం నల్లని ఎడ్ల మందలకు ప్రసిద్ధి. ఫ్రాన్స్వా మింగో అక్కడ 1771 జనవరి 4న జన్మించాడు. ఫ్రెంచి విప్లవం చెలరేగిన 1789 నాటికి ఆయన పదునెనిమిదేండ్ల యువకుడు. ఆ తరం యువకులలో అనేకులకు వలెనే ఆయనకూ సైన్యమే జీవితమైనది. కాల్బలంలో చేరి కెప్టెన్ పదవి వరకు ఎదిగాడు. అంతటితో ఆగి ఉంటే నేడు ఆయన పేరు తలచేవారు ఉండేవారు కారు.

ఆనాటి ఆట ఎట్లా ఉండేదో కొంత చెప్పాలి. లేకుంటే మింగో సాధించినదాని విలువ తెలియదు. పూర్వం బంతిని కొట్టడానికి మేస్ అనే పనిముట్టు వాడేవారు. అది కొనకు వెడల్పాటి చెక్కదిమ్మ బిగించిన కర్ర. దానితో బంతిని కొట్టడం కన్న తోయడమే ఎక్కువ. బంతి బల్ల అంచుకు ఆనుకొని ఉన్నప్పుడు ఆ దిమ్మ ఇమిడేది కాదు. అప్పుడు ఆటగాళ్లు కర్రను తిప్పి సన్నని వెనుక కొనతో కొట్టేవారు. ఫ్రెంచి భాషలో క్యూ అంటే తోక. మేస్‌కు తోకగా ఉన్నదే క్రమంగా ప్రధాన సాధనమైనది. అయితే ఆ కొన ఉత్త కొయ్య. బంతిని సరిగా నడిమధ్యన కొడితే నేరుగా పోతుంది. కాస్త పక్కన గాని, పైన గాని, కింద గాని తగిలిందా, కొన జారిపోతుంది, బల్ల మీది బట్ట చిరుగుతుంది. ఆ భయంతోనే అనేక ఆటశాలలలో నేర్పరులైన వారికి తప్ప క్యూ చేతికి ఇచ్చేవారు కారు. కొందరు కొనను ఆకురాయితో గరుకు చేసేవారు. మరికొందరు గోడ గచ్చులో గుచ్చి తిప్పి సున్నం అంటించుకొనేవారు. ఎన్ని చేసినా కొయ్య కొయ్యే, నునుపు బంతి నునుపు బంతే.

నెపోలియన్ అధికారానికి వచ్చిన తరువాత ఫ్రాన్సులో నోరు విప్పడం ప్రమాదకరమైనది. 1800 జనవరిలో వెలువడిన ఒక్క ఉత్తరువుతో పారిస్‌లోని 73 రాజకీయ పత్రికలలో 60 మూతపడ్డాయి. 1804లో ఆయన చక్రవర్తి అయ్యాడు. అటువంటి కాలంలో తన రాజకీయాభిప్రాయాలను దాచుకోలేకపోవడమే మింగో చేసిన అపరాధం. దానికి ఫలితంగా పారిస్‌లో చెరసాల పాలైనాడు. ఆ చెరసాల బాస్తీయ్ అని కొందరు వ్రాస్తూ ఉంటారు. ఇది పొరపాటని మేము గట్టిగా చెప్పగలం. బాస్తీయ్ కోట 1789 జూలైలో ప్రజల వశమై, ఆ వెంటనే నేలమట్టమైనది. నెపోలియన్ కాలపు ఖైదీ అందులో ఉండే అవకాశమే లేదు. కథకు అందం కోసం పెద్ద పేరు తగిలించడం అన్ని దేశాలలోను ఉన్న అలవాటే.

ఆ చెరసాలలో ఒక బిలియర్డ్సు బల్ల ఉండేది. రాజకీయ ఖైదీలకు, అందులోనూ సైనికాధికారులకు, ఆనాడు అటువంటి వెసులుబాటు దొరకడం వింత కాదు. కాలం గడవని మనిషికి ఆ బల్ల పాఠశాల అయినది. బయటి ఆటగాడు పందెం కోసం ఆడతాడు, ఓడుతాడు, గెలుస్తాడు, ఇంటికి పోతాడు. ఖైదీకి పోవడానికి ఇల్లు లేదు. ఒకే దెబ్బను నూరుసార్లు కొట్టి చూడగల తీరిక ఆయనకు మాత్రమే ఉన్నది. బంతిని మధ్యన కాక పక్కన కొడితే ఏమవుతుంది, కింద కొడితే ఏమవుతుంది అన్న ప్రశ్నకు జవాబు రావాలంటే ముందు కర్ర జారకుండా ఉండాలి. తోలును గుండ్రంగా కోసి, కొయ్య కొనకు అంటించి, పై భాగాన్ని కొద్దిగా ఉబ్బెత్తుగా తీర్చాడు. కొయ్యకు లేని రెండు గుణాలు తోలుకు ఉన్నాయి. అది దెబ్బకు కొంచెం అణగి తిరిగి లేస్తుంది. దాని పీచుపీచుగా ఉండే పైతలం బంతిని జారనివ్వక పట్టుకొంటుంది. శిక్ష ముగిసిన నాడు, తన సాధన ఇంకా పూర్తి కాలేదనీ మరికొంత కాలం లోపలే ఉండనివ్వమనీ అధికారులను వేడుకొన్నాడని ఒక కథ ఉన్నది. నిజమో కాదో గాని, ఆయన ఎంత లీనమై ఉండెనో చెప్పడానికి ఆ కథ పుట్టి ఉంటుందని మా ఊహ.

సాధారణంగా 1807వ సంవత్సరాన్ని ఈ తోలుబిళ్లకు జన్మసంవత్సరంగా చెబుతారు. విడుదలైన తరువాత మింగో పారిస్ కాఫీశాలలలో తన ఆటను ప్రదర్శించసాగాడు. చూచినవారు నిశ్చేష్టులైనారు. ఎదుటి బంతిని తాకిన బంతి ముందుకు పోకుండా వెనుకకు వస్తున్నది. అంచుకు తగిలి, రాకూడని దిక్కుకు మళ్లుతున్నది. కర్రను దాదాపు నిలువుగా ఎత్తి పైనుండి కొడితే బంతి అడ్డంగా ఉన్న మరో బంతిని చుట్టి వంకరగా పరుగెత్తుతున్నది. దీనినే నేడు మాస్సే అంటున్నారు. బంతిలో దయ్యం దూరినదని జనం అనుకొన్నారని ఒక ముచ్చట ప్రచారంలో ఉన్నది. మా కాలేజీ పిల్లలకు క్యారమ్స్ బాగా తెలుసు. స్ట్రైకర్ పోయి తగిలి దానంతట అదే వెనుకకు రావడం మొదటిసారి చూచిన పసివాని ముఖాన్ని ఊహిస్తే ఆనాటి పారిస్ ప్రేక్షకుని ముఖం తెలుస్తుంది.

ఇక్కడ తోలుబిళ్లను ఎన్నుకొనే విషయం కొంత విపులంగా చెప్పడం అవసరమని భావిస్తున్నాం. మింగో చేసిన పని ఎంత సూక్ష్మమైనదో దీనివల్లనే తెలుస్తుంది. నేటికీ మంచి బిళ్లలు తోలుతోనే తయారవుతున్నాయి. కొన్ని ఒకే ముక్క, కొన్ని పంది తోలు వంటి పలుచని పొరలను ఒకదానిపై ఒకటి అంటించి అదిమినవి. మెత్తనివి, నడితరపువి, గట్టివి అని మూడు రకాలుగా వీటిని అమ్ముతారు. మెత్తని బిళ్ల సుద్దను బాగా పట్టుకొంటుంది, కాని దెబ్బలు తిన్నకొద్దీ పుట్టగొడుగు వలె అంచులు బయటికి పొంగుతుంది, మాటిమాటికీ చెక్కవలసి వస్తుంది. గట్టి బిళ్ల ఆకారం చెడదు, బంతికి వేగం ఎక్కువ అందిస్తుంది, కాని పైభాగం త్వరగా అద్దంలా నునుపెక్కి సుద్దను నిలుపుకోదు. మెత్తని బిళ్లతోనే బంతి ఎక్కువ తిరుగుతుందని ఆటగాళ్లలో బలమైన నమ్మకం ఉన్నది. ఈ కాలపు ప్రయోగాలు దానిని సమర్థించడం లేదు. కొన జారనంత వరకు, ఎక్కడ తగిలింది అన్నదే తిరుగుడును నిర్ణయిస్తుంది. కనుక కొత్తగా నేర్చుకొనేవారికి నడితరపు బిళ్ల చాలునని మా అభిప్రాయం. పూల్ ఆటలో మొదట బంతుల గుంపును చెదరగొట్టడానికి వేరే కర్ర ఉంచుకొనేవారు దానికి మిక్కిలి గట్టి బిళ్లను వేయించుకొంటారు. అక్కడ కావలసినది బలం గనుక అది సబబే.

గట్టిదనం కన్న ఆకారం ముఖ్యం. బిళ్ల పైతలం చదునుగా ఉంటే, బంతిని పక్కన కొట్టినప్పుడు అంచు తగిలి జారిపోతుంది. చిన్న నాణెపు చుట్టువంపుకు సరిపోయేటట్లు ఉబ్బెత్తుగా ఉండాలి. ఇక సుద్ద లేనిదే ఎంత మంచి తోలైనా నిష్ఫలం. నేడు మనం వాడే నీలి ముక్క నిజానికి సుద్ద కాదు. 1897లో అమెరికాలో విలియం స్పింక్స్, విలియం హాస్కిన్స్ అనే ఇరువురు సిలికా, కురువిందం పొడులతో దానిని తయారుచేసి పేటెంటు పొందారు.

సుద్ద మాట వచ్చింది గనుక ఇంగ్లండు వాదాన్ని కూడా ప్రస్తావించాలి. బాత్ నగరంలో బార్ట్లీ అనే వ్యక్తి నడిపిన బిలియర్డ్సు శాలలో జాక్ కార్ అనే మార్కర్ ఉండేవాడు. బంతిని పక్కన కొట్టి తిప్పే విద్యను అక్కడ అతడు ప్రదర్శించి పేరు తెచ్చుకొన్నాడు. అదంతా తన వద్దనున్న ప్రత్యేకమైన పొడి మహిమ అని చెప్పి, మామూలు సుద్దనే చిన్న పెట్టెలలో అమ్ముకొన్నాడు. ఆ విద్య ఇంగ్లండుదే అని నమ్మినందువల్ల అమెరికావారు నేటికీ బంతి పక్క తిరుగుడును ఇంగ్లిష్ అనే పిలుస్తారు. కార్ నేర్పును మేము కాదనము. కాని సుద్దను కనిపెట్టడం వేరు, సుద్ద నిలిచే చోటును కల్పించడం వేరు. ఒకరు రహస్యమని చెప్పి అమ్ముకొన్నారు. మరొకరు తనకు తెలిసినదంతా బొమ్మలతో సహా అచ్చు వేయించారు. మా దృష్టిలో గౌరవం ఎవరికి చెందాలో దీనిని బట్టి తేలుతున్నది.

ఆ గ్రంథం పేరు నోబ్ల్ జు ద బియార్. అది 1827లో పారిస్‌లో వెలువడింది. ఏ దెబ్బకు బంతిని ఎక్కడ తాకాలో, అది ఏ దారిన పోతుందో పటాలతో చూపే పుస్తకమది. 1830లో దాని ఆంగ్లానువాదాన్ని లండన్‌లో జాన్ థర్‌స్టన్ ప్రచురించాడు. ఈ థర్‌స్టన్ బల్లలు తయారుచేసే ప్రసిద్ధ వ్యాపారి. చెక్కకు బదులు పలకరాయి పరచిన బల్లలను 1826లోను, రబ్బరు అంచులను 1835లోను ప్రవేశపెట్టినవాడు ఆయనే. రాయి, రబ్బరు, తోలు కలిసిన తరువాతనే ఆట నేటి రూపం పొందినది. అట్లాంటి ఆంగ్లేయుల బల్లలే తరువాత మన దేశపు క్లబ్బులకు, రాజభవనాలకు వచ్చాయి. హైదరాబాదులోని ఫలక్‌నుమా భవనంలోని బిలియర్డ్సు మందిరం మా పాఠకులలో కొందరికైనా తెలిసి ఉంటుంది.

మింగో ప్రదర్శనలు చూచినవారిలో ఒక గణితశాస్త్రజ్ఞుడు ఉన్నాడు. ఆయన గాస్పార్ గుస్తావ్ కొరియోలిస్. తిరుగుతున్న భూమి మీద గాలులు పక్కకు మళ్లడాన్ని వివరించే కొరియోలిస్ బలం ఆయన పేరనే వెలసినది. భౌతికశాస్త్ర విద్యార్థులకు ఈ పేరు కొత్త కాదు. జనం దయ్యమనుకొన్న చోట ఆయన లెక్క కట్టాడు. 1835లో బిలియర్డ్సు ఆట గణిత సిద్ధాంతంపై ఒక గ్రంథమే వ్రాశాడు. తిరుగుతూ జారే బంతి మొదట పరవలయ మార్గంలో పోయి, జారుడు ఆగిన తరువాత సరళరేఖలో సాగుతుందని నిరూపించాడు. పక్క తిరుగుడు అత్యధికంగా రావాలంటే కేంద్రం నుండి బంతి వ్యాసార్ధంలో సగం దూరాన కొట్టాలని తేల్చాడు. అంతకు మించి పక్కకు పోతే సుద్ద రాచిన తోలు కూడా జారుతుంది. చెరసాలలోని ఖైదీ చేతి అనుభవంతో వెదకిన హద్దునే శాస్త్రజ్ఞుడు కాగితం మీద గుర్తించాడు.

మింగో జీవితపు చివరి భాగం స్వదేశంలో గడవలేదు. ఆయన హాలండుకు వెళ్లి రోటర్‌డాం నగరంలో స్థిరపడ్డాడు. 1847 డిసెంబరు 23న అక్కడే మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 76 సంవత్సరాలు. ఆయనను నిర్బంధించిన చక్రవర్తి సింహాసనం కోల్పోయి, దూరపు దీవిలో ఖైదీగానే 1821లో కన్నుమూశాడు.

స్నూకర్ ఆట జబల్‌పూర్‌లోని ఆంగ్ల సైనికాధికారుల భోజనశాలలో 1875లో రూపొందినది. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ బిలియర్డ్సులో ప్రపంచ అమెచ్యూర్ విజేతగా నిలిచి భారతదేశానికి తొలి ప్రపంచ విజేత అయినాడు. 1964లో మరల గెలిచాడు. ఆ పోటీలు జరిగే నాటికి క్యూ కొనకు తోలుబిళ్ల వచ్చి నూట యాభై ఏండ్లు దాటినవి.